ముందుగా మీ ఊరి గురించి చెప్పండి



రైలెక్కి, సామాను సీటు కిందకు తోసి, కుదురుగా కూర్చున్నాక ఎదుటి సీటులోని పెద్దాయన మనల్ని ఏమడుగుతారు? ఏ ఊరమ్మా మీది? ఎక్కడిదాకా వెళ్తున్నావు? ఏం చదువుతున్నావు, ఉద్యోగమా? ఇంట్లో ఎవరెవరుంటారు? బండి రాజమండ్రి వంతెన దాటేలోపు మన సంగతులు ఆయనకు, ఆయన సంగతులు మనకు తెలిసిపోతాయి. ఈ మాటల కోసం ఎవరూ ముందురోజు రాత్రి కూర్చుని చదువుకోరు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగం సరిగ్గా ఇలాంటి ప్రశ్నలతోనే మొదలవుతుంది. మీరెక్కడ ఉంటారు, ఏం చేస్తుంటారు, మీ ఊరు మీకిష్టమేనా అని అడుగుతారు. రైల్లో గలగలా మాట్లాడిన అదే మనిషి ఆ గదిలో కూర్చునేసరికి మాట పెగలక ఇబ్బంది పడతాడు. భాష మారినందువల్లే అలా అవుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం కారణమే. మిగతా సగం మనం ఆ పరీక్షకు సిద్ధపడే పద్ధతిలో ఉంది. ఈ రోజు ఆ పద్ధతి గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

పరీక్ష గురించి కొత్తగా వింటున్నవారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఇది 1989 నుంచి ఈ పేరుతో జరుగుతోంది. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ సంస్థలు కలిసి నిర్వహిస్తున్నాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. మార్కుల బదులు బ్యాండ్లు ఇస్తారు, పైమెట్టు 9. పై చదువులకు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లాలనుకునే మన పిల్లలు, అక్కడ స్థిరపడాలనుకునే కుటుంబాలు, విదేశీ ఆసుపత్రుల్లో పనిచేయాలనుకునే మన నర్సులు ఈ పరీక్షకు కూర్చుంటారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఈ పరీక్షలో మాట్లాడే భాగానికి 7 బ్యాండ్ రావాలి. చదువుకు వెళ్లేవారికి ఒక రకం, వలస వెళ్లేవారికి ఇంకో రకం పరీక్ష ఉన్నా, మాట్లాడే భాగం మాత్రం ఇద్దరికీ ఒకటే. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా ఒక పరీక్షకులు ఉంటారు, మాటలన్నీ రికార్డవుతాయి. మూడు అంచెల్లో మొదటిది 4, 5 నిమిషాలు నడుస్తుంది. నేను చెప్పబోయేది ఆ 4, 5 నిమిషాల గురించే.

ఆ కాసేపటి కోసం మన పిల్లలు పడే శ్రమ చూస్తే మనసు చివుక్కుమంటుంది. పరీక్ష ఫీజే 17 వేల రూపాయలు దాటింది. ఆ పైన శిక్షణ ఖర్చు, ఊరు వదిలి హైదరాబాదులోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండే ఖర్చు. కొందరి ఇళ్లలో ఆ డబ్బు వెనుక అమ్మ బంగారం తాకట్టు ఉంటుంది. ఇంత పెట్టి వాళ్లు చేసేదేమిటంటే, వందల ప్రశ్నలు, వాటికి ఎవరో రాసిపెట్టిన వందల జవాబులు ఉన్న కాగితాలు తెచ్చుకుని బట్టీ పట్టడం. వాళ్లను తప్పుపట్టలేను. బడి నుంచి డిగ్రీ దాకా మన చదువు నేర్పిన విద్య అదే. గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పడ్డాయి. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు పనికొచ్చిన దారిని ఒక్క పరీక్ష కోసం వదిలెయ్యమంటే ఎవరికైనా భయంగానే ఉంటుంది.

కానీ ఈ పరీక్షలో ఆ దారి మూసుకుపోయింది. మూసింది ఎవరో కాదు, పరీక్ష పెట్టేవాళ్లే. ఏ బ్యాండుకు ఎలాంటి మాట అని వాళ్లు బహిరంగంగా ప్రకటించిన కొలమానం ఉంది. అందులో వ్యాకరణం కింద, కంఠస్థం చేసినట్టు కనిపించే వాక్యాల్లో తప్ప మిగతా అంతటా తప్పులు దొర్లడాన్ని 3వ బ్యాండు లక్షణంగా చెప్పారు. 3 అంటే విశ్వవిద్యాలయాలకూ, వీసాలకూ సాధారణంగా అక్కరకు రాని బ్యాండు. బట్టీ పట్టిన ప్రతివారికీ 3 వేస్తారని నేననడం లేదు. అయితే పరీక్షకులు రోజుకు ఎంతోమందితో మాట్లాడతారు. ఒకే జవాబును ఒకే ఊరి నుంచి వచ్చిన పదిమంది నోట వింటారు. అప్పజెప్పే గొంతుకు ఒక తీరుంటుంది. వేగం పెరుగుతుంది, చూపు గోడమీదికి పోతుంది, ఎక్కడా విరుపు ఉండదు. దాన్ని కనిపెట్టడానికి పెద్ద శిక్షణేమీ అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. కడియం ప్రాంతం నుంచి ఒక అమ్మాయి నా దగ్గర అభ్యాసానికి వచ్చేది. కడియం నర్సరీల గురించి మీకు తెలుసు, గోదావరి ఒడ్డున పూలమొక్కలు, నీడనిచ్చే మొక్కలు పెంచి దేశమంతా పంపుతారు. ఆ అమ్మాయి వాళ్లదీ నర్సరీయే. నేను "డూ యూ లైక్ ప్లాంట్స్?" అని అడిగాను. వెంటనే ఆ పిల్ల, పర్యావరణ సమతుల్యంలో మొక్కలు కీలకపాత్ర వహిస్తాయని, ప్రాణవాయువు ఇస్తాయని, భూతాపం తగ్గిస్తాయని ఇంగ్లీషులో గడగడా చెప్పింది. ఎక్కడా తప్పు లేదు. అలాగని ఆ మాటల్లో తను ఎక్కడా కనిపించలేదు. కాగితం పక్కన పెట్టి, మీ నర్సరీలో పొద్దున్నే ఏం చేస్తారమ్మా అని తెలుగులో అడిగాను. ఆ పిల్ల మొహం వెలిగింది. అంట్లు ఎలా కడతారో, సంచుల్లో మట్టి ఎలా నింపుతారో, వేసవిలో ఏ మొక్కకు ఎన్నిసార్లు నీళ్లు పెట్టాలో, లారీకెత్తేటప్పుడు ఏది ముందు ఎక్కించాలో చెబుతూనే ఉంది. అదే సంగతి చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో చెప్పమన్నాను. "యెస్, ఐ గ్రూ అప్ విత్ దెమ్. మై ఫ్యామిలీ రన్స్ ఎ నర్సరీ, సో బిఫోర్ స్కూల్ ఐ యూజ్డ్ టు వాటర్ ద రోజెస్" అంది. మూడు ముక్కలు. అందులో గతం ఉంది, వర్తమానం ఉంది, కారణం ఉంది, ఒక మనిషి ఉంది. పరీక్షకులు వినాలనుకునేది ఇదే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. జవాబులు సిద్ధం చేసుకోకండి, సంగతులు సిద్ధం చేసుకోండి.

సంగతులంటే ఏమిటి? మీ ఊరు, మీ ఇల్లు, మీ వీధి, మీ పని, మీ చదువు. మొదటి అంచెలో ముందుగా అడిగేది వీటి గురించే. తరువాత ఒకటి రెండు మామూలు విషయాలు తీసుకుంటారు. వాన, ఎండ, తిండి, బట్టలు, పాటలు, నిద్ర, స్నేహితులు, పుట్టినరోజులు, ఫోను, ప్రయాణాలు, ఇలాంటివి. వీటిలో మనకు తెలియనిదంటూ ఏదీ లేదు. తెలిసినదాన్ని ఎప్పుడూ మాటల్లో పెట్టి చూసుకోలేదు, అంతే. నమ్మకం లేకపోతే ఈ సాయంత్రం మీ ఇంట్లో తెలుగులోనే అడిగి చూడండి. వానంటే నీకిష్టమా? ఇష్టమే. ఎందుకు? ఎందుకేమిటి, ఊరికే. అక్కడ ఆగిపోతుంది. తెలుగులోనే ఆగిన మాట ఇంగ్లీషులో ఎలా సాగుతుంది? కాబట్టి తొలి సాధన తెలుగులోనే చేయమంటాను. ఇంగ్లీషు పరీక్షకు తెలుగులో సాధన ఏమిటని కొందరు ఉపాధ్యాయులు ఒప్పుకోకపోవచ్చు. ఎన్నో ఏళ్లు పాఠం చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. చెప్పడానికి సంగతి దొరికితే మాట వెతుక్కుంటూ వస్తుంది. సంగతి లేనప్పుడు వచ్చిన మాట కూడా నోట్లోనే ఉండిపోతుంది.

ఒక నోటుపుస్తకం తీసుకుని ఒక పేజీ మీద మీ ఊరి పేరు రాయండి. కింద వాక్యాలు రాయవద్దు. మీ ఊళ్లో మాత్రమే ఉన్నవి, మీరు కళ్లారా చూసినవి, ఒక్కో మాటలో రాసుకోండి. మంగళగిరి వాళ్లయితే మగ్గాల చప్పుడు, కొండ మీద పానకాలస్వామి, ఒకవైపు విజయవాడ, మరోవైపు గుంటూరు. సిరిసిల్ల వాళ్లయితే మరమగ్గాలు. గుంటూరు వాళ్లయితే మిర్చి యార్డు, ఆ ఘాటు గాలి. ఊరికి పేరు లేకపోయినా పరవాలేదు. చెరువు గట్టు, బస్సు ఆగే చింతచెట్టు, సాయంత్రం ఆరు దాటితే మూసేసే ఒక్కగానొక్క మందుల షాపు చాలు. ఇప్పుడు "వేర్ డూ యూ లివ్?" అని అడిగితే, "ఐ లివ్ ఇన్ మంగళగిరి. ఇట్స్ ఎ టౌన్ బిట్వీన్ విజయవాడ అండ్ గుంటూర్. మెనీ ఆఫ్ మై నెయిబర్స్ ఆర్ వీవర్స్, సో వీ హియర్ ద లూమ్స్ ఆల్ డే" అనవచ్చు. ఇందులో నిఘంటువు చూడాల్సిన మాట ఒక్కటీ లేదు. దీని పక్కన, గుడివాడనైనా గద్వాలనైనా ఒకే తీరున "ఘనమైన సాంస్కృతిక వారసత్వానికి పేరొందిన జనసమ్మర్ద మహానగరం" అని చెప్పే కంఠస్థ వాక్యాన్ని పెట్టి చూడండి. అది ఏ ఊరికీ అతకదు.

మీ ఊరు నచ్చకపోతే నచ్చలేదని చెప్పవచ్చు. ఇక్కడ మన పిల్లలు వెనకాడతారు. బయటివారి ముందు పుట్టిన ఊరిని తక్కువ చేయడం మర్యాద కాదని మన పెంపకం. ఆ గదిలో దానికి పట్టింపు లేదు. ఎండాకాలం నీళ్లుండవు, ట్యాంకరు కోసం అమ్మ తెల్లవారుజామునే లేవాలి, అందుకే నాకు ఆ ఊళ్లో వేసవి ఇష్టం లేదు అని ఇంగ్లీషులో చెప్పగలిగితే అది మంచి జవాబు. అబద్ధం చెబితే మార్కులు తగ్గుతాయని కాదు, మీరు చెప్పేది నిజమో కాదో వాళ్లు తేల్చరు. నిజం చెప్పమని నేననేది మీ సుఖం కోసమే. నిజానికి ఆధారం మీ జ్ఞాపకంలో ఉంటుంది. కల్పించినదాన్ని అప్పటికప్పుడు కట్టుకోవాలి, ఆ పైన దాన్ని ఇంగ్లీషులో పెట్టాలి. ఆ రెండు బరువులు ఒకేసారి ఎందుకు మొయ్యడం?

ఇక గదిలోకి వెళ్దాం. పరీక్షకులు పలకరించి తమ పేరు చెబుతారు. మీ పూర్తి పేరు అడుగుతారు, మిమ్మల్ని ఏమని పిలవాలో అడుగుతారు, గుర్తింపు కోసం పాస్‌పోర్టు చూస్తారు. మన పేర్లు పొడుగు. ఇంటిపేరు, వెంకటతోనో నాగతోనో మొదలయ్యే రెండు మూడు పేర్లు, చివర రావో రెడ్డో. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతావి మరో గడిలో ఉంటాయి. మీ పూర్తి పేరును తొందరపడకుండా ముక్కలు ముక్కలుగా పలకడం ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకోండి. ఏమని పిలవాలి అంటే మీ చెవికి అలవాటైన చిన్న పేరు చెప్పండి. ఇంట్లో అందరూ లక్ష్మీ అని పిలిచే మనిషిని పరీక్ష రోజున ఇంకెవరో కొత్త పేరుతో పిలిస్తే ఉలికిపాటు కలుగుతుంది.

ఆ తరువాత వచ్చే ప్రశ్నలు పరీక్షకుల సొంతం కావు, ముందే రాసిపెట్టినవి. 2001లో ఈ భాగాన్ని సంస్కరించినప్పటి నుంచి ఇలాగే జరుగుతోంది. విజయవాడలో కూర్చున్నవారికీ, నైరోబీలో కూర్చున్నవారికీ ఒకే తీరు పరీక్ష జరగాలని ఆ ఏర్పాటు. ఈ సంగతి తెలిస్తే రెండు భయాలు పోతాయి. మీరు జవాబు చెబుతుండగానే మధ్యలో ఆపి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతారు, అది మీ మీద విసుగు కాదు, వారికి గడియారంతో పని. మీరెంత బాగా చెప్పినా "ఓహో, చాలా బాగుంది" అనరు, అది మీ జవాబు బాగాలేక కాదు. పైగా ఈ మొదటి అంచెకు విడిగా బ్యాండు వెయ్యరు. మూడు అంచెలూ కలిపి చూసి వేస్తారు. మొదటి ప్రశ్నకు గొంతు వణికిందని ఆ దిగులుతో మిగతా పది నిమిషాలూ పాడుచేసుకోవద్దు.

జవాబు ఎంత పొడవుండాలి అని అందరూ అడుగుతారు. రెండు మూడు వాక్యాలు, ఎక్కువైతే నాలుగు. అడిగినదానికి సూటిగా ఒక వాక్యం, దానికి ఒక కారణమో ఉదాహరణో. ఒక్క మాటతో ఆగితే చాలదు. ఇక్కడ మన సంస్కారమే మనకు అడ్డు వస్తుంది. పెద్దల ముందు తక్కువ మాట్లాడాలని, అడిగినదానికే బదులివ్వాలని మన ఇళ్లలో, బళ్లలో నేర్పారు. పంతులుగారు అడిగితే లేచి నిలబడి, చేతులు కట్టుకుని "అవునండీ" అని కూర్చునే పిల్లే మంచి పిల్ల. ఆ అలవాటుతో పరీక్షకులు "డూ యూ లైక్ కుకింగ్?" అంటే "యెస్, సర్" అని తలవంచుకుని ఊరుకుంటారు. మనం గౌరవమనుకుని ఆపిన మాటను వాళ్లు భాష రాకపోవడంగా లెక్కవేస్తారు. మీరు వంట చేసేది ఆదివారమేనా, పప్పుచారు ఒక్కటే వచ్చా, అమ్మ దగ్గర నేర్చుకున్నారా, హాస్టల్లో విధిలేక నేర్చుకున్నారా, అందులో ఒక్క సంగతి చెప్పండి చాలు. ఆ గదిలో మాట్లాడడమే మర్యాద. ఆడపిల్లలకు, పల్లెల నుంచి వచ్చి తెలుగు మీడియంలో చదివినవారికి ఈ మాట నేను మరీ గట్టిగా చెబుతాను. మీ మౌనం వెనుక ఎంత ఉందో నాకు తెలుసు, వాళ్లకు తెలియదు.

మరి వాళ్లు దేన్ని కొలుస్తారు? నాలుగింటిని, నాలుగింటికీ సమానంగా. ఆగకుండా, పొందికగా మాట్లాడగలగడం ఒకటి. పదసంపద ఒకటి. వ్యాకరణం ఒకటి. ఉచ్చారణ ఒకటి. మీ ఊరి గురించి మీకెంత సమాచారం తెలుసన్నది ఈ నాలుగింటిలోనూ లేదు. మ్యూజియాలంటే ఇష్టమా అని అడిగితే, సాలార్జంగ్ మ్యూజియం చరిత్ర చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లారు, గంట కొట్టే గడియారం చూడ్డానికి అందరం తోసుకున్నాం, తరువాత మళ్లీ వెళ్లలేదు, అని చెప్పినా జవాబే. అసలు ఎప్పుడూ వెళ్లలేదు, మా ఊరికి దగ్గర్లో లేవు, అన్నా జవాబే.

వ్యాకరణం మాటకొస్తే, ఈ మొదటి అంచెలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ప్రశ్నల్లో కాలం ఊరికే మారిపోతూ ఉంటుంది. "డూ యూ రీడ్ మచ్?" అని ఇప్పటి సంగతి అడుగుతారు. వెంటనే "డిడ్ యూ రీడ్ మచ్ యాజ్ ఎ చైల్డ్?" అని చిన్నప్పటి సంగతికి పోతారు. "వుడ్ యూ లైక్ టు రీడ్ మోర్ ఇన్ ద ఫ్యూచర్?" అని రేపటికి దూకుతారు. విషయం ఒకటే కాబట్టి మనవాళ్లు మూడింటికీ ఒకే కాలంలో బదులిస్తారు. విషయం విన్న చెవితోనే ఆ మొదటి మాటను, డూ అన్నారా, డిడ్ అన్నారా, వుడ్ అన్నారా అన్నదాన్ని, వినడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఒకరు అడుగుతుంటే పదిరోజులు ఈ ఒక్కటే సాధన చేసినా తేడా కనిపిస్తుంది. మనవాళ్ల నోట తరచుగా వినిపించే ఇంకొన్ని ఉన్నాయి. "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటాం. "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంటాం, "ఐ హావ్ టూ బ్రదర్స్" చాలు. "మైసెల్ఫ్" అని పేరు చెప్పుకోవడం మానేసి "మై నేమ్ ఈజ్" అనండి. ఊరు, కుటుంబం, ఉద్యోగం అడిగే ప్రశ్నలకు ఇవి తప్పక దొర్లే చోట్లు కాబట్టి ముందే సరిచేసుకుంటే అక్కడికి ఆ ఇబ్బంది తీరుతుంది.

ఉచ్చారణ గురించి మన పిల్లల్లో ఉన్న బెంగను పోగొట్టాలని నాకు ఎంతో ఉంది. తెల్లవాళ్లలా పలకాలని, నాలుక మడతపెట్టి లేని యాస తెచ్చిపెట్టుకుంటారు. అలా చేస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది. పరీక్షకులు చూసేది మీ మాట శ్రమ లేకుండా అర్థమవుతోందా అని. తెలుగు యాస ఉండడం నేరం కాదు. అర్థం కావడానికి అడ్డుపడేవి మాత్రం కొన్ని ఉన్నాయి. మన భాష అచ్చులతో ముగిసే భాష. ఆ అలవాటుతో ఇంగ్లీషు మాట చివర "బస్సు", "బుక్కు" అని ఒక ఉకారం చేరుస్తాం. జూ, జీరో వంటి మాటల మొదట్లో ఉండే ధ్వనిని మన "జ"గా పలుకుతాం. "ఎగ్" అనే మాట "యెగ్" అవుతుంది, "ఓన్లీ" అనేది "వోన్లీ" అవుతుంది. ఇంగ్లీషులో ప్రతి మాటలోనూ ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది. మనం అన్ని అక్షరాలనూ సమానంగా నొక్కుతూ వేగంగా పోతాం. వేగం తగ్గించండి, మాట చివర శుభ్రంగా ఆపండి. చాలావరకు సర్దుకుంటుంది.

వినడానికి ఏది మంచిదని అడిగితే, ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు వినమని ముందుగా చెబుతాను. మాట ఎక్కడ నొక్కాలో, వాక్యం ఎక్కడ విరవాలో చెవికి పడుతుంది. అయితే వార్తలు చదివే ఇంగ్లీషు వేరు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే ఇంగ్లీషు వేరు. మొదటి అంచెకు కావలసింది రెండోది. ఆటగాళ్లతో, కళాకారులతో, రైతులతో జరిపే ముఖాముఖిలు వినండి. అడిగిన ప్రశ్నకు వాళ్లు ఎలా అందుకుంటారో, ఆలోచించుకోవడానికి ఒక క్షణం ఎలా సంపాదించుకుంటారో గమనించండి. మనం తెలుగులో "అంటే...", "అదీ..." అని సాగదీస్తూ ఆలోచిస్తాం. ఇంగ్లీషు మధ్యలో ఆ "అంటే" వచ్చేస్తుంది. ఆ చోట "వెల్, లెట్ మీ థింక్" అనడం అలవాటు చేసుకోండి. కానీ ప్రతి వాక్యానికీ "యాక్చువల్లీ", "బేసికల్లీ" తగిలించవద్దు, అవి వినేవారిని అలసిపోయేలా చేస్తాయి.

ఇంట్లో సాధన ఎలా? ఎవరైనా ఒకరు కావాలి, వారికి ఇంగ్లీషు బాగా రానవసరం లేదు. తమ్ముడో, వదినో, ఫోనులో స్నేహితురాలో, ప్రశ్న చదివి వినిపిస్తే చాలు. మీరు పుస్తకం చూడకుండా నోటితో చెప్పాలి, ఫోనులో రికార్డు చేసుకోవాలి. మర్నాడు అదే ప్రశ్న మళ్లీ అడగమనండి. ఈసారి నిన్న చెప్పిన సంగతి చెప్పకూడదు, కొత్తది చెప్పాలి. ఇదొక్క నియమం పెట్టుకుంటే బట్టీ దరిచేరదు, ఒకే విషయం మీద నాలుగు వైపుల నుంచి మాట్లాడగల శక్తి వస్తుంది. రాత్రి పడుకునే ముందు రికార్డు విని, ఒకే ఒక్క లోపం ఎంచుకుని మర్నాడు దాన్ని సరిచేసుకోండి. అన్నీ ఒకేసారి దిద్దుకోబోతే నోరే రాదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు కూర్చుని చదివే సమయం దొరకదని నాకు తెలుసు. మీరు బస్సులో ఇంటికి వస్తూ ఆ రాత్రి వార్డులో జరిగింది మనసులోనే ఇంగ్లీషులో చెప్పుకోండి. ఎన్ని పడకలు, ఎవరికి ఆపరేషను, ఎవరు నిద్రపోకుండా మిమ్మల్ని పిలుస్తూ ఉన్నారు, మీకు ఆ పనిలో ఏది ఇష్టం. "టెల్ మీ అబౌట్ యువర్ జాబ్" అనే ప్రశ్నకు అంతకన్నా మంచి తయారీ నాకు కనిపించదు.

ప్రశ్న వినపడకపోతే, "సారీ, కుడ్ యూ సే దట్ ఎగైన్, ప్లీజ్?" అని అడగండి. అడగడం తప్పు కాదు. అర్థమైనట్టు నటించి వేరే దానికి జవాబు చెబితేనే ఇబ్బంది. ఒక వాక్యం తప్పుగా వచ్చిందని మీకే తెలిస్తే, ఆ ఒక్క మాట దిద్దుకుని ముందుకు వెళ్లిపోండి. ప్రతి మాటకూ వెనక్కు వెళ్లి దిద్దుకుంటూ ఉంటే ధార తెగిపోతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పరీక్ష ముందురోజు పిల్లల చేత జవాబులు అప్పజెప్పించుకోకండి. అన్నం పెడుతూ, మీ చిన్నప్పుడు మన వీధి ఎలా ఉండేదో చెప్పండి, ఇప్పుడేం మారిందో వాళ్లను అడగండి. మీ ఊరు ఈ మధ్య మారిందా అన్నది ఈ పరీక్షలో తరచుగా వినిపించే ప్రశ్న, దానికి సంగతులు మీ దగ్గరే ఉన్నాయి.

4, 5 నిమిషాలు గడిచాక పరీక్షకులు మీ ముందు ఒక కార్డు, ఒక కాగితం, పెన్సిలు పెడతారు. ఒక్క నిమిషం ఆలోచించుకుని ఒకే విషయం మీద రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. అది రెండో అంచె, దాని పద్ధతి వేరు. ఈ నెలలో పరీక్షకు కూర్చుంటున్నవారు ఇవాళే ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి ప్రశ్నగా మీ ఊరి గురించి అడగమనండి.